మా అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘం, భీమవరం: ఒక స్టార్ నుంచి మూడుకి

రెండేళ్ల కిందట ఈ సంఘానికి ఒక్క స్టారే ఇచ్చాను. సున్నా ఇచ్చే వీల్లేక. ఎన్నికల నోటీసు శనివారం రాత్రి లిఫ్టులో అంటించారు, ఎన్నిక ఆదివారం పొద్దున. లిఫ్టేమో అప్పటికి నాలుగు రోజులుగా పనిచెయ్యడం లేదు. సెల్లార్‌లో కుర్చీలు వేసి, పాత ప్రెసిడెంటు గారే కావాలనేవాళ్లు చేతులెత్తండి అన్నారు. ఎత్తనివాళ్ల ఫ్లాట్ నంబర్లు సెక్రటరీ డైరీలో రాసుకుంటుంటే ఎత్తకుండా ఎవరుంటారు? హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్న తొమ్మిది మంది ఓట్లు కూడా ప్రెసిడెంటు గారే వేసేశారు. ‘వాట్సాప్‌లో చెప్పారండీ మాస్టారూ’ అన్నారు. మినిట్స్ పుస్తకంలో ‘ఏకగ్రీవం’ అని రాసుకున్నారు.

ఈసారి నన్నే ఎన్నికల అధికారిగా ఉండమన్నారు (నా నోరు మూయించడానికే అనుకుంటాను). ముందు బైలా కాపీ చేతికిమ్మన్నాను. మాది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైన సంఘం. ఫ్లాటుకి ఒక ఓటు, రెండు వారాల ముందు నోటీసు, ఊళ్లో లేనివాళ్లయితే సంతకంతో ఉత్తరం అని బైలాలో శుభ్రంగా రాసి ఉంది. ఎవరూ తెరిచి చూడలేదంతే.

సంక్రాంతికి అందరూ వస్తారని భోగి ముందు ఆదివారం పెట్టాం. బ్యాలెట్ పెట్టె ఆత్రేయపురం పూతరేకుల డబ్బా. బ్లేడుతో సన్నటి గాటు పెట్టి, అభ్యర్థులిద్దరి ముందూ బోర్లించి దులిపితే పంచదార పొడి టేబుల్ మీద రాలింది. తర్వాత లక్కతో సీలు వేశాను. ఎన్నో పోలింగ్ డ్యూటీలు చేసిన చెయ్యి, ఊరుకోదు. రెండో అంతస్తు ఆయన ఓటుకొస్తే, ఫ్లాటు మీ ఆవిడ పేరున ఉందండీ, ఆవిడే రావాలన్నాను. చేతికి బెల్లం పాకంతోనే దిగొచ్చారావిడ. ‘అరిసెలు పాడైతే పూచీ మీదే మాస్టారూ’ అంటూ ఓటేసి పరుగెత్తారు. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.

నలభై నాలుగు ఫ్లాట్లకి ముప్పై అయిదు ఓట్లు పడ్డాయి. పద్దెనిమిది, పదహారు, ఒకటి చెల్లలేదు. దాని మీద ‘ఎవరైనా ఒకటే, ముందు లిఫ్టు చూడండి’ అని రాసుంది. పాత ప్రెసిడెంటు గారు ఓడిపోయారు, తాళాలు మాత్రం ఆ సాయంత్రమే ఇచ్చేశారు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం.

రెండు స్టార్లు ఎందుకు తగ్గించానంటే, పదహారు ఫ్లాట్లలో ఉన్నది అద్దెవాళ్లు. నెలనెలా మెయింటెనెన్సు కట్టేది వాళ్లే. ఈ ఉప్పు బోరు నీళ్ల ఊళ్లో, వేసవిలో కాలువలు కట్టేశాక ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడేదీ వాళ్లే. ఓటు ఓనరుదే, కాదనను. కనీసం మీటింగుకి రానిచ్చి మాట్లాడనివ్వండి అంటే కొత్త కమిటీ ‘చూద్దామండి’ అంది. కిందటేడాది ట్యాంకర్ బిల్లులూ ఇంకా బోర్డుకెక్కలేదు.

మూడో అంతస్తులో ఒక ఫ్లాటు అమ్మకానికుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు బైలా కాపీ అడగండి. ఇప్పుడు ఇస్తున్నారు.