మండలమా, హోబ్లీయా: ఏది మేలు?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు వైపు ఫ్లాటో సైటో కొన్న మనవాళ్లు, పత్రాల్లో ‘వర్తూరు హోబ్లీ, బెంగళూరు ఈస్ట్ తాలూకా’ అని చూసి అడిగేది ఒకటే: కర్ణాటకలో తాలూకాని కొన్ని రెవెన్యూ విభాగాలుగా చీల్చిన ఈ హోబ్లీల పద్ధతి బాగుందా, మన మండలాలే నయమా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇలా రాస్తున్నా.

కార్పొరేషన్ హద్దులో ఫ్లాట్ ఉన్నవాళ్లకి ఈ గొడవ పెద్దగా లేదు. ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), పన్ను అన్నీ కార్పొరేషన్‌తోనే. పొలమో తోటో ఉన్నవాళ్లకే ఇది అసలు ప్రశ్న. నా లెక్కలో దాన్ని తేల్చేది కూడా ఒక్కటే: పేచీ వచ్చినప్పుడు తీర్పు చెప్పే అధికారి ఎంత దూరంలో ఉన్నాడు?

పేచీ లేని పనులకి హోబ్లీయే ముందు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి తాలూకా ఆఫీసు దాకా పోనక్కర్లేదు, నాడకచేరిలో, అంటే హోబ్లీ స్థాయి రెవెన్యూ ఆఫీసులో, ఉప తహసీల్దారు ఇస్తాడు. ఎవరూ అడ్డు చెప్పని మ్యుటేషన్‌ని (భూమి రికార్డులో పేరు మార్పుని) రెవెన్యూ ఇన్‌స్పెక్టరే ఖాయం చేస్తాడు.

కానీ అన్నదమ్ముల్లో ఒకడు అభ్యంతరం రాసిచ్చాడనుకోండి, ఫైలు తాలూకాకి పోతుంది. బెంగళూరు పక్కనున్న ఆనేకల్ తాలూకానే చూడండి. కసబా, అత్తిబెలె, జిగణి, సర్జాపుర హోబ్లీలన్నిటికీ తాలూకా ఆఫీసు ఆనేకల్‌లోనే. సర్జాపుర చుట్టుపక్కల ఎకరం ధరకి, అడ్డు చెప్పే మనిషి లేని ఇల్లెక్కడుంది? నాలుగు హోబ్లీల తగాదాలూ అక్కడే పేరుకుంటాయి.

1985లో ఎన్టీఆర్ తాలూకాలు, వాటి కింది ఫిర్కాలు తీసేసి వెయ్యికి పైగా మండలాలు పెట్టడంతో ఆ తగాదా వినే అధికారే దగ్గరికొచ్చాడు. (ఆ అధికారి పేరు మళ్లీ తహసీల్దారుగా మార్చినా, పెద్దవాళ్లకి ఆయన ఇప్పటికీ ఎమ్మార్వోనే.) మండల పరిషత్తుదీ అదే హద్దు. పట్టా పనికీ రోడ్డు పనికీ ఒకే ఊరు, పైగా మనం ఓటేసి గెలిపించిన ఎంపీటీసీ సభ్యులు ఎన్నుకున్న ఎంపీపీని (మండల పరిషత్తు అధ్యక్షుణ్ని) నిలదీయొచ్చు. హోబ్లీకి అలా ఎన్నికైన సభంటూ లేదు.

మండలానికీ లోటుంది. కోర్టు, సబ్ రిజిస్ట్రారు, సబ్ ట్రెజరీ చాలాచోట్ల పాత తాలూకా ఊళ్లలోనే ఉండిపోయాయి. తెలంగాణలో 2020 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్లకే అప్పగించాక ఆ తిరుగుడు కొంత తగ్గింది. ఆంధ్రలో 2022లో 13 జిల్లాల్ని 26 చేసినప్పుడు ఎంతో హడావుడి జరిగింది గానీ, రైతుకి కలెక్టరుతో ఏడాదికి ఎన్నిసార్లు పనుంటుంది?

చెన్నైలో ఉన్నవాళ్లు తమిళనాడులో ఇప్పటికీ ఉన్న ఫిర్కా సంగతేమిటంటారు. అదీ హోబ్లీ లాంటిదే. పైగా అక్కడ పంచాయతీ యూనియన్ (మన మండల పరిషత్తు లాంటిది) హద్దూ తాలూకా హద్దూ చాలాచోట్ల కలవవు. నా దృష్టిలో మూడో స్థానం.

ఆనేకల్ వైపు భూమి చూస్తున్నవాళ్లు మాత్రం పహాణీ (పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రికార్డు) ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. మ్యుటేషన్ రిజిస్టరు నకలు కూడా అడగండి. పేరు మారినప్పుడు ఎవరైనా అభ్యంతరం పెట్టారేమో అందులో చూసుకోవచ్చు.