ఏడీహెచ్‌డీ పిల్లల కోచింగ్‌కి డబ్బు కట్టే ముందు రసీదులో ఏం రాశారో చూడండి

మా పాప తొమ్మిదో తరగతి. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని ఇబ్బంది, దాంతోపాటు డిస్‌లెక్సియా, అంటే చదవడం, రాయడంలో ఇబ్బంది ఉన్నాయని రెండేళ్ల క్రితం తేలింది. అల్లరి చేసే రకం కాదు, కిటికీలోంచి చూస్తూ కూర్చునే రకం. అందుకే టీచర్లు చాలాకాలం "తెలివైనదే, కాస్త బద్ధకం" అని ఊరుకున్నారు. టెన్త్ దగ్గర పడేసరికి మాకు టెన్షన్ పట్టుకుంది. ఆ టెన్షన్‌లోనే పోయిన జూన్‌లో హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి 72,000 రూపాయలు సమర్పించుకున్నాం. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి మాత్రం మొత్తం చెబుతాను, ఇదే పద్ధతిలో ఇంకెన్ని నడుస్తున్నాయో.

మొదట ఉచిత అసెస్‌మెంట్ అన్నారు. ఒకావిడ గంటసేపు కూర్చుని నేను చెప్పిందంతా విన్నారు. "తప్పు మీది కాదు మేడమ్, పాపదీ కాదు" అన్నారు. ఆ మాట ఎవరైనా అంటారా అని ఎన్నాళ్లుగా చూస్తున్నానో, అక్కడే ఏడ్చేశాను. కళ్లు తుడుచుకునేలోపే ఫీజు కాగితం ముందుకొచ్చింది. 24 సెషన్లు, థెరపీతో సమానం, మూడు నెలల్లో ఫోకస్ గ్యారంటీ, డిస్కౌంట్ ఈ రాత్రి వరకే. నెలకి ఆరు వేలు, నో కాస్ట్ ఈఎంఐ. ఓటీపీ అడిగితే చెప్పేశాను. ఫీజు వాయిదాల్లో కడుతున్నాం అనుకున్నాను. మూడో రోజు ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి మెసేజ్ వస్తేగానీ అది నా పేరు మీద లోన్ అని తెలియలేదు. సెంటర్‌కి డబ్బు మొత్తం ఒకేసారి వెళ్లిపోయింది. పాప క్లాసుకి వెళ్లినా మానినా వాయిదా మాత్రం నాది.

ఆ ఆవిడ మళ్లీ కనబడలేదు. ఆవిడ సేల్స్ అట. పాపకి ఇచ్చిన కోచ్ బీటెక్ చేసి, ఆన్‌లైన్‌లో ఏదో సర్టిఫికెట్ తెచ్చుకున్న కుర్రాడు. మర్యాదస్థుడే, కానీ ఏడీహెచ్‌డీ అంటే క్రమశిక్షణ తక్కువ కావడం అన్నదే అతని లెక్క. ఉదయం ఐదుకి అలారం, రోజుకి పద్నాలుగు గళ్ల కమిట్‌మెంట్ షీట్. ఒక్కో పని అయ్యాక టిక్ పెట్టి, రాత్రి తొమ్మిదిలోపు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో ఇంకో ఆరుగురు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. నిండని గళ్లకి అందరి ముందూ ఎర్ర గుర్తు. మర్చిపోవడమే ఇబ్బంది అయిన పిల్లకి, రోజుకి పద్నాలుగుసార్లు మర్చిపోకుండా టిక్ పెట్టడమే పరీక్ష!

ఒక రాత్రి ఫ్రిజ్ మీద అంటించిన షీట్ చూస్తే మర్నాటి గళ్లు కూడా నిండిపోయి ఉన్నాయి. కొన్ని నీలం పెన్నుతో, కొన్ని నల్లది, రెండు పెన్సిల్‌తో. వేర్వేరు టైముల్లో పెట్టినట్టు కనబడాలని అలా చేసిందట. అప్పటిదాకా మా పాప మాతో అబద్ధం ఆడి ఎరగదు.

ఐదో సెషన్ తర్వాత ఆ కోచ్ "మందులు ఆపితేనే మా ప్రోగ్రామ్ పనిచేస్తుంది" అన్నాడు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, పది రోజులు ఆపాను. డాక్టర్ గారు నన్ను పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయలేను. డిజెబిలిటీ సర్టిఫికెట్ కోసం తిరుగుతుంటే కూడా "పాప మీద ముద్ర పడిపోతుంది మేడమ్" అని ఆపించాడు. ఆ మాట విని రెండు నెలలు పోగొట్టుకున్నాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్‌లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందులు ఉన్నాయి. ఆటిజం కూడా ఉంది. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే మాత్రం ఆ జాబితాలో లేదు. సీబీఎస్‌ఈలో సర్టిఫికెట్ ఉన్న పిల్లలకి గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, అంటే మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట. మా పాపకి ఏ కోచింగ్ కన్నా ఆ గంటే ఎక్కువ అక్కరకొస్తుంది.

ఏడు సెషన్లకే మానిపించి మిగిలిన డబ్బు అడిగాను. "థెరపీ అని మేం ఎక్కడా రాయలేదు మేడమ్" అన్నారు. నిజమే. రసీదులో ఉన్నది "పర్సనాలిటీ డెవలప్‌మెంట్ కోచింగ్". కింద చీమ తలకాయంత అక్షరాల్లో నాన్ రిఫండబుల్. క్లినికల్ సైకాలజిస్ట్, స్పెషల్ ఎడ్యుకేటర్ అని చెప్పుకుని పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, అంటే ఆర్‌సీఐలో రిజిస్ట్రేషన్ ఉండాలి. కోచ్ అనే మాటకి అలాంటి లైసెన్సేమీ అక్కర్లేదు. అందుకే నోటితో థెరపీ, కాగితం మీద కోచింగ్. పాపతో కూర్చునేది ఎవరో పేరు అడగండి, వాళ్ల ఆర్‌సీఐ నంబర్ అడగండి. మొదటి కాల్‌లో చెప్పినవన్నీ మెసేజ్‌లో రాసివ్వమనండి. నేను అడగలేదు, ఇప్పుడు నా దగ్గర సాక్ష్యం లేదు.

ఇప్పటికే ఓటీపీ చెప్పేసిన వాళ్లుంటే వెంటనే లోన్ పత్రం తెరిచి చూడండి. డిజిటల్ లోన్లకి ఆర్‌బీఐ కూలింగ్ ఆఫ్ గడువు పెట్టింది. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నాకు ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయింది. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. సెంటర్ వాళ్లు మళ్లీ అదే నాన్ రిఫండబుల్ పాట పాడారు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కట్టిన మొత్తం ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు.

పాప ఇప్పుడు డాక్టర్ గారు చెప్పిన స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్తోంది. ఆవిడ హోంవర్క్‌ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి టైమర్ పెట్టిస్తారు, అంతే. ఐదు గంటల అలారం తీసేశాం. ఈఎంఐ ఇంకా నాలుగు నెలలుంది.