పిల్లలతో కొండెక్కే ప్యాకేజీ కొంటున్నారా? ‘ఈజీ’ అన్న మాట నమ్మి డబ్బు కట్టొద్దు

పిల్లల్ని మొదటిసారి ఏదైనా శిఖరానికి తీసుకెళ్దామని ప్యాకేజీల కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. ‘ఈజీ ట్రెక్, కొత్తవాళ్లకి అనువైనది, ఆరేళ్లు నిండితే చాలు’ అని అమ్మిన ప్యాకేజీలో మా ఏడేళ్ల పాపతో వెళ్లాం. శిఖరం కిందున్న బండరాళ్ల దగ్గర నుంచి వెనక్కి తిరిగి వచ్చేశాం. పాప క్షేమంగానే ఉంది. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. డబ్బు పోయినందుకు కంటే, అదే ప్యాకేజీని అదే మాటలతో ఇంకా అమ్ముతున్నారని నాకు ఎక్కువ కోపంగా ఉంది.

వాళ్లు ఇచ్చిన వివరాల్లో దారి గురించి ఉన్న అంకె ఒక్కటే: రానూపోనూ 8 కిలోమీటర్లు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి, ఎంత ఎత్తు ఎక్కాలని సూటిగానే అడిగాను. ‘అదేం పెద్ద విషయం కాదండీ, మా దగ్గరికి పిల్లలు వస్తూనే ఉంటారు’ అన్నారు. తీరా దారి మొదట్లో ఉన్న బోర్డు చూస్తే, అక్కడి నుంచి శిఖరానికి 900 మీటర్ల ఎత్తు. 4 కిలోమీటర్ల నడకలో 900 మీటర్లు పైకి ఎక్కాలన్నమాట. ఒక అంతస్తు 3 మీటర్లనుకుంటే 300 అంతస్తుల మెట్లెక్కినట్టు. 8 కిలోమీటర్లన్నది అబద్ధం కాదు, కానీ చెప్పాల్సిన అసలు అంకెను దాచేశారు.

ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో మనమే అంచనా వేసుకోవచ్చు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన లెక్కను ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఈ లెక్కన మా దారికి రానూపోనూ, మధ్యలో ఆగకుండా నడిచే పెద్దవాళ్లకే 3 గంటలు దాటుతుంది. చిన్నపిల్లలతో అయితే దానికి రెట్టింపు వేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. వాళ్ల ప్రోగ్రామ్‌లో మాత్రం మొత్తం 4 గంటలని రాసి ఉంది.

ఇంకో సంగతి. బయల్దేరే ముందు అందరికీ హెల్మెట్లు పంచారు. మా పాపకిచ్చింది పెద్దవాళ్ల సైజు. పట్టీ ఆఖరి దాకా బిగించినా, తల వంచి కింద చూసిన ప్రతిసారీ జారి కళ్ల మీదికి వచ్చేసేది. గైడ్ దాని లోపల ఒక గుడ్డ మడిచి పెట్టి, ‘సరిపోతుంది’ అన్నాడు. అడుగు ఎక్కడ వేయాలో చూసుకోవాల్సిన దారిలో పిల్లకి ముందేముందో కనబడకపోతే ఎలా? అసలు మామూలు నడకదారికి హెల్మెట్ అక్కర్లేదు. ఇచ్చే సామాన్ల లిస్టులో హెల్మెట్, తాడు, బూట్లకి తొడిగే ఇనుప ముళ్లు లాంటివి కనబడితే, ఆ దారిలో రాళ్లు పడటమో, చేతులతో పాకడమో, మంచు మీద నడవడమో ఉందని అర్థం. ఈజీ అన్న మాట కంటే ఆ లిస్టే నిజం చెబుతుంది.

శిఖరం దగ్గర పడేసరికి దారి పోయి బండరాళ్లు మొదలయ్యాయి. నాకు మోకాలెత్తు ఉన్న రాయి పాపకి దాదాపు నడుం దాకా వచ్చింది. నేను ఒక్క అడుగులో ఎక్కేదాన్ని తను రెండు చేతులూ ఆన్చి, మోకాలు మోపి, పొట్ట మీద పాకుతూ ఎక్కింది. అరచేతులు గీరుకుపోయాయి. అప్పటికే పడమటి వైపు మబ్బులు కమ్ముకుంటున్నాయి. ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలని గైడ్‌ని అడిగితే, ‘అందరూ శిఖరం చూశాకే’ అన్నాడు. ఆ మాటతో మేం తిరిగేశాం. కొండల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములు మెరుపులు రావడం మామూలే. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడిందంటే పిడుగు 10 కిలోమీటర్ల దూరంలోనే పడిందని లెక్క, అంటే తర్వాతిది మన మీదే పడొచ్చు. శిఖరం కనబడినా కనబడకపోయినా ఫలానా టైముకి వెనక్కి తిరగాలని బయల్దేరేటప్పుడే అనుకోని గ్రూపులో పిల్లల్ని పంపొద్దు.

రీఫండ్ అడిగితే, ‘మీరే వెనక్కి తిరిగారు, అది కస్టమర్ సొంత నిర్ణయం కిందికి వస్తుంది’ అన్నారు. షరతుల్లో ఆ వాక్యం ఉన్నమాట నిజమే. కానీ నా ఫిర్యాదు షరతుల మీద కాదు, దారి గురించి తప్పు చెప్పి అమ్మడం మీద. దానికి ఈ రోజుకీ జవాబు లేదు.

శిఖరం ఎత్తు చూసి మాత్రం ఏదీ తేల్చుకోకండి. కిలిమంజారో 5,895 మీటర్లు. మామూలు దారుల్లో తాడు పట్టుకునే పని లేదు కాబట్టి దాన్ని ‘నడిచి ఎక్కేయొచ్చు’ అని అమ్ముతారు, కానీ అక్కడ గాలిలో ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సగమే అందుతుంది. అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే. అయినా 1934 ఏప్రిల్‌లో అక్కడ గంటకి 372 కిలోమీటర్ల వేగంతో గాలి వీచినట్టు నమోదైంది. బ్రిటన్‌లోని బెన్ నెవిస్ 1,345 మీటర్లే, కానీ నడక దాదాపు సముద్ర మట్టం దగ్గర మొదలవుతుంది కాబట్టి ఆ ఎత్తంతా కాళ్లతో ఎక్కాల్సిందే. కాబట్టి మొదలయ్యే చోటు నుంచి ఎంత ఎక్కాలో అడగండి. కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లని కలిపే గీతలు) ఉన్న మ్యాప్‌లో చూసినా తెలిసిపోతుంది: గీతలు దగ్గరదగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ.

దారి గ్రేడ్ కూడా అడగండి. స్విస్ ఆల్పైన్ క్లబ్ వాళ్ల పద్ధతిలో టీ1 నుంచి టీ6 దాకా ఉంటాయి. టీ1 ఎవరైనా నడవగలిగే దారి. టీ3 వచ్చేసరికి జారితే పడిపోయే చోట్లు, చేతులు ఆన్చాల్సిన చోట్లు వస్తాయి. మొదటిసారి వెళ్లే పిల్లలకి టీ1, బాగా అలవాటయ్యాక టీ2. అంతకు మించి నేనైతే వెళ్లను. అమ్మేవాళ్లకి ఏ గ్రేడింగూ తెలియకపోతే ‘చేతులు వాడాల్సిన చోటు ఎక్కడైనా ఉందా?’ అని అడగండి, సరిపోతుంది.

2,500 మీటర్లు దాటే ట్రెక్ అయితే ఇంకా జాగ్రత్త. ‘పిల్లలు ఎత్తుకి త్వరగా అలవాటు పడతారు’ అని కొందరు చెబుతుంటారు. అది నిజం కాదు. ఎత్తుల్లో వచ్చే తలనొప్పి, వాంతులు పెద్దవాళ్లకి ఎంతగా వస్తాయో పిల్లలకీ అంతే వస్తాయి. తేడా ఏంటంటే, చిన్నపిల్లలు ‘తల నొప్పిగా ఉంది’ అని చెప్పలేరు. తినరు, ఆడరు, ఊరికే విసుక్కుంటారు, మగతగా పడుకుంటారు. దాన్ని మారాం అనుకుని ఇంకా పైకి తీసుకెళ్లడమే ప్రమాదం. వెంటనే కిందికి దిగాలి. 3,000 మీటర్ల పైన ఒక్క రాత్రికి పడుకునే ఎత్తు 500 మీటర్లకి మించి పెరగకూడదు. ప్యాకేజీలో ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకోబెడతారో రాసి లేకపోతే ఆ ప్యాకేజీని వదిలేయండి.

రివ్యూల్లో మాకు కనబడ్డ ఐదు స్టార్లన్నీ కుర్రాళ్ల గ్రూపులు ఇచ్చినవే. పిల్లలతో వెళ్లినవాళ్లు రాసినవి విడిగా వెతికి చదవండి. ఒక్కటీ లేకపోతే అది కూడా ఒక సమాచారమే.

నన్నడిగితే, మొదటిసారికి 200, 300 మీటర్ల కంటే ఎక్కువ ఎక్కనక్కర్లేని కొండ చాలు. సగం దారిలో చెరువో, వాగో, కూర్చునే చోటో ఉండి, అక్కడి నుంచి వెనక్కి వచ్చేసినా పిల్లలకి ఏదో చూశామనిపించాలి. పైన గుండ్రంగా, వెడల్పుగా ఉండాలి, అంచు ఉండకూడదు. ఇలాంటి కొండకి చాలాసార్లు ప్యాకేజీయే అక్కర్లేదు.

ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లు ఈ రోజే వాళ్లకి మెయిల్ పెట్టండి: ఎంత ఎత్తు ఎక్కాలి, చేతులు వాడే చోట్లున్నాయా, వెనక్కి తిరిగే టైమెంత, పిల్లల సైజు హెల్మెట్ ఉందా, పిల్లవాడు నడవలేకపోతే కిందికి ఎవరు తీసుకొస్తారు. ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి, రాతపూర్వకంగానే ఇవ్వమనండి. రద్దు చేసుకునే గడువు దాటకముందే జవాబు రాకపోతే రద్దు చేసుకోండి. కార్డుతో కట్టి ఉంటే, తప్పుడు వివరాలతో అమ్మారని బ్యాంకులో ఫిర్యాదు చేయొచ్చు. దానికి వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్లు కావాలి, అందుకని వాళ్లు పేజీ మార్చకముందే తీసి పెట్టుకోండి.