సొంతంగా కట్టుకున్న స్టూడియో మైక్: మూడేళ్ల వాడకం తర్వాత

మైక్ కిట్, అంటే విడి భాగాలు తెప్పించుకుని మనమే కట్టుకునే మైక్, డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. కిట్ ధరకు షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ, మంచి సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఖర్చు కలిపి చూస్తే అదే సొమ్ముకు బాగానే పనిచేసే రెడీమేడ్ కండెన్సర్ మైక్ దొరుకుతుంది. నేను తెప్పించుకున్న కారణం వేరు. మాది కాకినాడ. ఇంట్లోనే కథలు చదివి రికార్డ్ చేస్తాను, అప్పుడప్పుడు స్నేహితుల పద్యాలు, ఓ మిత్రుడి మృదంగం. ఇక్కడ మైక్ చెడితే హైదరాబాదో చెన్నైయో పంపాలి. అది ఎప్పుడు తిరిగొస్తుందో పంపినవాడికీ తెలియదు, తీసుకున్నవాడికీ తెలియదు. లోపల ఏ భాగం ఏం చేస్తుందో నాకు తెలిసిన మైక్ ఒకటైనా ఉండాలనుకున్నాను.

మూడేళ్ల పైగా దీన్నే ప్రధాన మైక్‌గా వాడాను. నాకు తేలింది ఒకటే. సోల్డరింగ్ ఒక ఆదివారం పని. అసలు పని ఆ తర్వాత వచ్చే హమ్ (గుయ్యిమనే మోత), హిస్ (బుస్సుమనే శబ్దం), చిటపటల దగ్గర మొదలవుతుంది. కిట్‌తో వచ్చిన మాన్యువల్ మాత్రం సోల్డరింగ్‌కి పేజీలకు పేజీలు, లోపాలు పట్టుకోవడానికి అర పేజీ ఇచ్చింది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ అర పేజీ చెప్పని సంగతులే.

ముందు ఇది ఏ రకమో చెబుతాను. నాది 1967లో జర్మనీ కంపెనీ న్యూమన్ తెచ్చిన యూ87 మైక్ పాత సర్క్యూట్ బాటలో నడిచే కిట్. ఒక జేఫెట్ (బలహీనమైన సిగ్నల్‌ని అందుకుని బలపరిచే ట్రాన్సిస్టర్), ఒక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, రెండు వైపులా డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే పలచటి పొర) ఉన్న పెద్ద క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం), మైక్ ఏ వైపుల నుంచి వినాలో మార్చే మూడు ప్యాటర్న్‌ల స్విచ్. క్యాప్సూల్ కే67 తరహాది. 1960 నాటి న్యూమన్ యూ67 మైక్‌తో వచ్చిన ఈ క్యాప్సూల్ స్వభావం ఏమిటంటే, పై ఫ్రీక్వెన్సీలు కాస్త ఉబ్బి వస్తాయి. న్యూమన్ వాళ్లు ఆ ఉబ్బును సర్క్యూట్‌లోనే తగ్గించారు. మార్కెట్‌లో దొరికే చవక మైక్‌లలో చాలావాటిలో ఈ క్యాప్సూల్ నకలు ఉంటుంది గానీ, ఉబ్బు తగ్గించే ఏర్పాటు ఉండదు. వాటిలో గొంతు గాజు గీసినట్టు పలకడానికి పెద్ద కారణం ఇదే. కిట్ ఎంచుకునేటప్పుడు నేను చూసిన మొదటి విషయం కూడా ఇదే: క్యాప్సూల్‌కి, సర్క్యూట్‌కి జత కుదిరిందా లేదా.

తెలుగుకి ఇది ఇంకా ముఖ్యం. స, శ, ష అన్ని భాషల వాళ్లనీ ఏడిపించేవే. మనకు వాటితో పాటు చలి, చాప, జడ లాంటి మాటల్లో పళ్ల దగ్గర పలికే చ, జ లు ఉన్నాయి. నా పాత చవక మైక్‌లో "చల్లటి చలిగాలి" అంటే రెండు సార్లు చీరినట్టు వినపడేది. డీ-ఎస్సర్ (స, చ ల పదును తగ్గించే సాఫ్ట్‌వేర్) పెడితే మొత్తం గొంతే మూగబోయేది. ఈ మైక్‌లో ఆ చకారం చకారంలాగే వస్తుంది, ఈక్యూ (ఫ్రీక్వెన్సీల హెచ్చుతగ్గుల సర్దుబాటు) దాదాపు ముట్టుకోను. ఒత్తు అక్షరాలు నిండుగా పలికే పద్యాల దగ్గర మాత్రం పాప్ ఫిల్టర్ తప్పదు. భ, ధ, ఖ లు దగ్గరగా చదివితే క్యాప్సూల్ ఊపిరి దెబ్బ తింటుంది.

సోల్డరింగ్ గురించి ఎక్కువ చెప్పను. సన్నటి మొన, రోజిన్ ఫ్లక్స్ ఉన్న 63/37 (తగరం 63, సీసం 37 పాళ్ల) సోల్డర్ తీగ, ఓపిక ఉంటే చాలు. పాలీస్టైరీన్ కెపాసిటర్లు వేడికి కరుగుతాయి, కాబట్టి వాటి కాళ్ల దగ్గర ఐరన్ ఆనించి ఉంచకూడదు. బోర్డు శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. ఇంట్లో ఉంది కదా అని నెయిల్ పాలిష్ రిమూవర్ తీశారో, అందులోని అసిటోన్ ఆ పాలీస్టైరీన్‌నే తినేస్తుంది.

ఇక లోపాల దగ్గరికి.

మొదటి టెన్షన్ అందరికీ ఒకేచోట వస్తుంది. బోర్డు పూర్తయింది, బాడీలో ఇంకా పెట్టలేదు, ఆత్రంగా ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) తగిలించి ఫాంటమ్ (మైక్ కేబుల్ గుండానే అది పంపే 48 వోల్టుల సరఫరా) వేస్తారు. చెవులు చిల్లులు పడేలా హమ్. బోర్డు పోయిందని నీరసపడతారు. పోలేదు. క్యాప్సూల్ నుంచి జేఫెట్ గేట్ (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు) దాకా ఉన్న కొద్దిపాటి తీగ 1 గిగా ఓమ్ (వంద కోట్ల ఓమ్‌లు) స్థాయి ఇంపెడెన్స్‌లో (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) ఉంటుంది. షీల్డ్ లేకపోతే గదిలోని 50 హెర్ట్జ్ కరెంటునంతా అదే పట్టుకుంటుంది. ఖాళీ కాఫీ పొడి డబ్బా, అంటే రేకు డబ్బా తీసుకోండి. దాన్ని ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్ తగిలే మూడు పిన్‌ల కనెక్టర్) ఒకటో పిన్‌కి, అంటే గ్రౌండ్‌కి, క్రొకొడైల్ క్లిప్‌తో కలిపి, బోర్డుని కాగితంలో చుట్టి అందులో పెట్టి మూత వేయండి. హమ్ మాయమైతే బోర్డు బాగున్నట్టే. నా బల్ల మీద ఇప్పటికీ ఆ డబ్బా ఉంది.

బాడీలో బిగించాక కూడా హమ్ ఉంటే అది వేరే కథ. నాకు వచ్చింది అదే. తల మీది మెష్‌ని వేలితో ముట్టుకుంటే హమ్ తగ్గేది, వదిలితే పెరిగేది. మీటర్ పెట్టి చూస్తే ఒకటో పిన్ నుంచి బాడీ గొట్టానికి కంటిన్యుటీ (తెగని దారి) ఉంది, మెష్‌కి లేదు. మెష్ కూర్చునే అంచు మీద ఫ్యాక్టరీ వాళ్లు రంగు దట్టంగా పూశారు, స్క్రూలు ఆ రంగు మీదే కూర్చున్నాయి. ఆ అంచుని, స్క్రూ రంధ్రాల చుట్టూ ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దాను. హమ్ ఆగిపోయింది. ఎవరి కిట్ మైక్‌లోనైనా హమ్ ఉందంటే ఇప్పుడు నేను మొదట అడిగేది, మెష్‌కి ఒకటో పిన్ తగులుతోందా అని.

రెండో గందరగోళం వోల్టేజీ దగ్గర. ఈ పాత తరహా సర్క్యూట్‌లో క్యాప్సూల్ పనిచేయడానికి దాని మీద ఉండాల్సిన పోలరైజేషన్ వోల్టేజీ నేరుగా ఫాంటమ్ నుంచే వస్తుంది, పైకి పెంచే కన్వర్టర్ ఉండదు. 1986లో వచ్చిన యూ87 ఏఐ అనే కొత్త మోడల్‌లో ఆ కన్వర్టర్ పెట్టారు. పాత రకంలో క్యాప్సూల్ దగ్గర సుమారు 46 వోల్టులు ఉండాలని చదివి మీటర్ పెడితే అర వోల్టు చూపిస్తుంది. క్యాప్సూల్ షార్ట్ అయిందనుకుంటాం. నిజానికి ఆ 46 వోల్టులు వస్తున్నది 1 గిగా ఓమ్ రెసిస్టర్ గుండా. మామూలు మల్టీమీటర్ లోపలి రెసిస్టెన్స్ 10 మెగా ఓమ్. రెండూ పంచుకుంటే మీటర్‌కి మిగిలేది నూరోవంతే. అంటే అర వోల్టు కనబడితే అక్కడ వోల్టేజీ ఉన్నట్టే లెక్క! క్యాప్సూల్ దగ్గర కొలవడం మానేసి, ఆ రెసిస్టర్‌కి ముందు వైపున కొలవండి.

ఎక్స్‌ఎల్‌ఆర్ దగ్గర కొలత మాత్రం నమ్మకమైనది. ఫాంటమ్ రెండు, మూడు పిన్‌లకు చెరో 6.8 కిలో ఓమ్‌ల గుండా వస్తుంది. రెండూ కలిస్తే 3.4 కిలో ఓమ్‌లు, అంటే మైక్ లాగే ప్రతి మిల్లీ ఆంపియర్‌కి 3.4 వోల్టులు పడిపోతాయి. ఈ రకం మైక్ ఒక మిల్లీ ఆంపియర్ లోపే తీసుకుంటుంది కాబట్టి, మైక్ తగిలించాక 45, 46 కనబడితే అంతా సవ్యం. 30కి దిగిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ప్లస్, మైనస్ తారుమారుగా వేశారు. రెండు పిన్‌లలో వోల్టేజీ వేరువేరుగా ఉంటే ఒక వైపు తీగ తెగింది. మైక్ తీసేసి కొలిచినా 48కి బాగా తక్కువ వస్తుంటే, తప్పు మైక్‌ది కాదు, ఇంటర్‌ఫేస్‌ది. ప్రమాణం ఒప్పుకునేది అటూ ఇటూ 4 వోల్టులే.

మూడోది వర్షాకాలం. ఇది సముద్రం దగ్గరున్న వాళ్లకే బాగా తెలుస్తుంది. మొదటి జూలైలో ఒక సాయంత్రం ఫాంటమ్ వేయగానే పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలు. పావుగంటకి కాస్త తగ్గాయి, మళ్లీ మొదలయ్యాయి. గేట్ చుట్టూ బోర్డు మీద తేమ పొర పట్టి, గిగా ఓమ్‌కి పక్కదారి తయారవుతోంది. బోర్డు తీసి లైట్ కింద వాల్చి చూస్తే గేట్ దగ్గర సోల్డర్ చుట్టూ లేత పసుపు ఫ్లక్స్ అంచు మెరుస్తోంది. పైపైన తుడిస్తే ఫ్లక్స్ పోదు, పలచబడి ఇంకా వెడల్పుగా పరుచుకుంటుంది. మెత్తటి టూత్‌బ్రష్‌తో ఆల్కహాల్ పెట్టి రుద్ది, పొడి టిష్యూతో అద్ది, మళ్లీ కొత్త ఆల్కహాల్‌తో రుద్దాలి. ఆ తర్వాత ఆ భాగాన్ని వేలితో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు చాలు. అప్పటి నుంచి మైక్ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంటుంది. వానాకాలం రికార్డింగ్‌కి ముందు కొంతసేపు ఫాంటమ్ వేసి ఉంచుతాను. చిటపట మళ్లీ ఎప్పుడో గానీ రాలేదు. వచ్చినప్పుడు చూస్తే డబ్బాలోని సిలికా జెల్ గింజలు తేమ పట్టి రంగు మారి ఉంటాయి.

క్యాప్సూల్‌దా, సర్క్యూట్‌దా అనే అనుమానం వస్తే ఒక చిట్కా ఉంది. క్యాప్సూల్ తీగలు ఊడదీసి, వాటి స్థానంలో 68 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టి బోర్డుని రేకు డబ్బాలో మూయండి. శబ్దం ఇంకా ఉంటే సర్క్యూట్‌ది, పోతే క్యాప్సూల్‌ది. ఏడాది దాటాక నా మైక్‌లో నిశ్శబ్దం వెనక సన్నటి గుడగుడ మొదలైనప్పుడు ఇలాగే పట్టుకున్నాను. జేఫెట్‌దే. కొత్తది వేస్తే సరిపోయింది. జేఫెట్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. 2ఎస్‌కే170 లాంటివి తోషిబా తయారీ ఆపేసింది, ఆ పేరు ముద్రించిన నకిలీలు కుప్పలు తెప్పలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు, కనెక్టర్లు ధైర్యంగా కొంటాను. జేఫెట్‌లకు మాత్రం పేరున్న డిస్ట్రిబ్యూటర్‌ దగ్గరికే వెళతాను.

జేఫెట్ మారిస్తే బయాస్ (జేఫెట్ పనిచేసే వోల్టేజీ అమరిక) మళ్లీ సరిచేసుకోవాలి. 2ఎన్3819 అనే జేఫెట్ డేటాషీట్‌లోనే ఐడీఎస్ఎస్ (గేట్ మీద వోల్టేజీ లేనప్పుడు పారే కరెంటు) 2 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటుంది. ఒకే సంచిలోని రెండు ముక్కలకు పొంతన ఉండదు. మాన్యువల్ చెప్పిన డ్రెయిన్ (జేఫెట్ మరో కాలు) వోల్టేజీకి ట్రిమ్మర్ (బోర్డు మీది చిన్న సర్దుబాటు స్క్రూ) తిప్పి వదిలేస్తే మాట్లాడే గొంతు వరకూ ఇబ్బంది లేదు. మృదంగానికి తేలిపోతుంది. నేను చేసేది: అదే 68 పికోఫారడ్ కెపాసిటర్ గుండా 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్ పెద్దగా చేసి చూస్తూ లెవెల్ పెంచుతాను. వేవ్ పైభాగం, కిందిభాగం ఒకేసారి చదునయ్యేదాకా ట్రిమ్మర్ తిప్పుతాను. ఆసిలోస్కోప్ అక్కర్లేదు. అలా సరిచేశాక తొప్పి (మృదంగం ఎడమ వైపు) మీద గట్టి దెబ్బ కూడా చిట్లకుండా వచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. ప్యాటర్న్ స్విచ్ నాసిరకం, వేలికి వదులుగా తగులుతుంది. పాత సర్క్యూట్ కాబట్టి సెన్సిటివిటీ తక్కువ, నెమ్మదిగా చదివే కథలకు ఇంటర్‌ఫేస్‌లోని ప్రీయాంప్ గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) బాగా తిప్పాలి. చవక ఇంటర్‌ఫేస్ హిస్ అప్పుడు బయటపడుతుంది, దాన్ని మైక్ మీద తోయొద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌ని పవర్ అడాప్టర్ల పక్కన పెడితే మరో రకం హమ్ పట్టుకుంటుంది, అర గజం జరిపితే పోతుంది. ముందు, వెనక నుంచి మాత్రమే వినే ఫిగర్-8 ప్యాటర్న్ మాత్రం నేననుకున్నదానికంటే ఎక్కువ పనికొచ్చింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని సంభాషణలు చదివితే ఒకే మైక్ సరిపోతుంది, పక్క కిటికీలోంచి వచ్చే ఆటో మోత సగానికి సగం తగ్గుతుంది.

ఎవరికి? రెండు మూడు చిన్న సర్క్యూట్లు చేసిన అనుభవం ఉండి, మీటర్ పట్టుకుని కూర్చోవడం ఇష్టమున్నవాళ్లకు నిస్సందేహంగా. వచ్చే వారం నుంచే డబ్బింగ్ పని ఉంది, మైక్ కావాలి అనేవాళ్లు రెడీమేడ్‌దే కొనుక్కోండి. కొనేవాళ్లు ఆర్డర్‌లోనే ఒక అదనపు జేఫెట్, ఒక 1 గిగా ఓమ్ రెసిస్టర్ వేయించుకోండి. ఆ రెసిస్టర్ మన ఊళ్ల షాపుల్లో అడిగితే మెగా ఓమ్‌దే తీసి చేతిలో పెడతారు.