న్యూయార్క్‌లో పచ్చదనం, దానికి వేసిన తాళాలు

నగరం నడిబొడ్డైన మాన్‌హటన్‌లో అద్దెలకు జడిసి, అదే నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో జాక్సన్ హైట్స్ అనే పేటలో గది తీసుకున్నాం. ఇరుకు గది, పక్కింటి దగ్గు కూడా వినిపించే గోడలు. సబ్‌వే రైలు స్టేషను దగ్గర కాబట్టి సర్దుకుపోయాం.

ఫోనులోని మ్యాపులో మా వీధి వెనకంతా ఆకుపచ్చగా కనిపించింది. పొద్దున్నే బయలుదేరి ఆ భవనాల చుట్టూ తిరిగితే లోపలికి దారే లేదు. అవి 1910, 20లలో కట్టిన అపార్టుమెంట్లు. నడిమధ్య తోటలు అక్కడ ఉండేవారికే. కమ్మీల సందులోంచి ఖాళీ బెంచీ, దాని మీద ఒక ఉడుత కనిపించాయి.

బయటివాళ్లకు దక్కింది 34వ అవెన్యూ. పార్కులు తక్కువైన ఈ పేటలో 2020 నుంచి ఆ వీధిని 26 బ్లాకుల మేర పగటిపూట వాహనాలకు మూసివేయడం మొదలుపెట్టారు. పిల్లలు సైకిలు నేర్చుకుంటున్నారు. ఓ పెద్దాయన ఇంటి నుంచి మడత కుర్చీ మోసుకొచ్చి, నీడ జరిగినప్పుడల్లా తానూ జరుగుతున్నాడు. మరుగుదొడ్డి అవసరమైతే మాత్రం ఇంటికి పరుగే.

మర్నాడు మాన్‌హటన్‌లోని గ్రామెర్సీ పార్కు. 1831 నాటిది, చుట్టూ ఉన్న ఇళ్లవారికి మాత్రమే తాళంచెవులు. ఒకావిడ గేటు తెరిచి లోపలికి వెళ్లి, మా ముఖాన మూసేసింది. కంచె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేశాం. అంతకు మించి చేయగలిగింది లేదు.

సెంట్రల్ పార్కుకు వంక పెట్టలేను. 843 ఎకరాలు, ప్రవేశ రుసుము లేదు, మరుగుదొడ్లు శుభ్రం. 1980లో ఏర్పడిన ఒక సంస్థ విరాళాలు సేకరించి దాన్ని చూసుకుంటోంది. చుట్టూ ఉన్నది ధనవంతులు కాబట్టి విరాళాలకు కొదవుండదు. పడమటి వైపు సెనెకా విలేజ్ గురించిన ఫలకాల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. సొంత భూమి, సొంత చర్చిలు ఉన్న నల్లజాతీయుల ఊరది. పార్కు కోసం 1857 నాటికి ఖాళీ చేయించారు.

అదే సాయంత్రం, నగరంలో పేదలు ఎక్కువగా ఉండే బ్రాంక్స్‌లో ఒక చిన్న పార్కుకు వెళ్లాం. గేటు బార్లా తెరిచే ఉంది. కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు, మరుగుదొడ్డికి తాళం. పిల్లలు మాత్రం చీకటిపడేదాకా బంతి ఆడుతూనే ఉన్నారు.

మళ్లీ వెళితే ఆ ఇరుకు గదిలోనే దిగుతాం. ఈసారి మడత కుర్చీ ఒకటి సంపాదించాలి.