సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్: విడతలుగా నడిచేవాళ్లకు ఎంతవరకు అనువు?

ఇంగ్లండ్ నైరుతి మూలను చుట్టుకుంటూ సోమర్‌సెట్‌లోని మైన్‌హెడ్ నుంచి డోర్సెట్‌లోని పూల్ రేవు ముఖద్వారం దాకా 630 మైళ్లు సాగే కాలిబాట ఇది. దొంగసరుకు దింపేవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి ఒకప్పుడు కోస్ట్‌గార్డులు గస్తీ తిరిగిన దారి. అందుకే ప్రతి చిన్న అఖాతంలోకీ తొంగిచూస్తూ పోతుంది, ఎక్కడా అడ్డదారి తొక్కదు. ఎక్కాల్సిన ఎత్తులన్నీ కలిపితే దాదాపు 35,000 మీటర్లు, అంటే మైలుకు సగటున 55 మీటర్లు. ఏకబిగిన నడిస్తే ఏడెనిమిది వారాలు పడుతుంది. అన్ని రోజులు సెలవు ఎవరికి దొరుకుతుంది? ఓ వారం ఇప్పుడు, ఓ వారం మళ్లీ ఏడాది అన్న లెక్కలో నడిచేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఈ బాట బాగా పనికొస్తుంది, ఒక షరతు మీద: ఏ రోజు ఎక్కడ ఆగాలో మైళ్లను బట్టి కాక నదులను, బస్సులను బట్టి తేల్చుకోవాలి.

గుర్తుల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ఓక్ కాయ బొమ్మ కనిపిస్తే దారి సరైనదే. సముద్రం ఒకే పక్కన ఉంటుంది కాబట్టి కొండ అంచుల మీద తప్పిపోవడం కష్టం. తికమకంతా ఊళ్లలోనే, పార్కింగ్ స్థలాల మధ్యా సందుల్లోనూ. కొండచరియ విరిగిన చోట దారి మళ్లిస్తారు కనుక పాత మ్యాపును గుడ్డిగా నమ్మకూడదు.

అసలు పరీక్ష నదుల దగ్గర. ప్లిమత్ దాటాక యామ్, ఎర్మ్, ఏవన్ నదులు వరసగా అడ్డొస్తాయి. యామ్, ఏవన్‌ల మీద పడవలున్నా అవి వేసవి కాలంలో, అదీ రోజులో కొన్ని గంటలే తిరుగుతాయి. ఎర్మ్ మీద పడవే లేదు. సముద్రం వెనక్కి తీసే పాటులో నీరు బాగా తగ్గిన వేళకు అటు గంట, ఇటు గంట లోపల మదర్‌కూమ్ దగ్గర నీళ్లలో దిగి నడిచి దాటాలి. బాగా వానలు పడి నది పొంగి ఉంటే ఆ గంటల్లోనూ దిగకూడదు.

ఇక్కడ మన పంచాంగం పనికొస్తుంది. ఈ తీరంలో పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల రోజుల్లో పాటు మిట్టమధ్యాహ్నం వేళ పడుతుంది, నీరూ బాగా తగ్గుతుంది. పొద్దున బయల్దేరి నదిని చేరడానికి సరిగ్గా సరిపోతుంది. అష్టమి రోజుల్లో అది పొద్దుటికీ సాయంత్రానికీ జరిగిపోతుంది, పైగా నీరు అంతగా దిగదు. పాటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, మొదటి రోజు ఆలస్యమైతే మూడో రోజు నది దగ్గర దెబ్బ తగులుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి: పోటుపాట్ల పట్టికలు కొన్ని గ్రీనిచ్ కాలంలో ఉంటాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా అక్కడ వేసవి కాలమానం నడుస్తుంది, కాబట్టి వాటికి గంట కలపాలి. కలపడం మరిచిపోతే గంట ముందే వచ్చి ఒడ్డున కూర్చోవడమే.

మిగతా రేవుల్లో పాడ్‌స్టో నుంచి రాక్‌కు దాటే పడవ నమ్మకమైనది. అయితే నీరు తగ్గినప్పుడు అది హార్బర్ నుంచి కాక ఊరికి ఉత్తరాన ఉన్న ఇసుక ఒడ్డు నుంచి కదులుతుంది. ఫాల్మత్ దగ్గర రెండు పడవలు మారాలి. సెయింట్ మాస్ దాకా ఏడాది పొడవునా ఉంటుంది, అక్కణ్ణుంచి ప్లేస్ అనే చోటికి వెళ్లేది చలికాలంలో ఉండదు. ఎక్స్ నది మీద స్టార్‌క్రాస్–ఎక్స్‌మత్ పడవ కూడా అంతే, కానీ ఎక్సెటర్ మీదుగా రైల్లో చుట్టి రావచ్చు కాబట్టి బాధ లేదు.

రాకపోకలకు దక్షిణ తీరం హాయి. ఫాల్మత్, ప్లిమత్, టైన్‌మత్, పెయిన్‌టన్, ఎక్స్‌మత్, వేమత్ అన్నిటికీ రైలుంది. ఉత్తరాన బార్న్‌స్టేపుల్ దాటితే మళ్లీ న్యూకీ దాకా తీరం మీద స్టేషనే లేదు, ఆ మధ్యంతా బస్సులే ఆధారం. ఇంగ్లండ్‌లో ఒక్కో బస్సు ప్రయాణానికి 2025 జనవరి నుంచి 3 పౌండ్ల పరిమితి ఉండటంతో ఖర్చు తేలికే, పల్లెల్లో ఆదివారాలు బస్సు దొరకడమే కష్టం. పొద్దున్నే బస్సెక్కి రోజు దారి చివరికి వెళ్లి, బస ఉన్న వైపు తిరిగి నడవడం మేలు. ఆఖరి బస్సు పోతుందన్న బెంగ ఉండదు. వేసవి వారాంతాల్లో చాలా బసలు రెండు రాత్రులకు తక్కువ ఇవ్వవు, ఈ పద్ధతిలో అదీ కలిసొస్తుంది. విడతలుగా నడిచేవాళ్లకున్న ఇంకో సుఖం, గాలిని బట్టి దిశ మార్చుకోవచ్చు. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. మైన్‌హెడ్ నుంచి నైరుతి కొసన ఉన్న లాండ్స్ ఎండ్ వైపు నడిస్తే ముఖాన కొడుతుంది, అదే దారి ఎదురు దిశలో నడిస్తే వీపు తోస్తుంది.

నడక కష్టం అంతటా ఒక్కలా ఉండదు. బ్రాంటన్ నుంచి బిడెఫర్డ్ దాకా పాత రైలుకట్ట మీద బల్లపరుపు దారి, విసుగు పుట్టేంత చదును. హార్ట్‌లాండ్ కీ నుంచి బ్యూడ్ దాకా 15 మైళ్లలో వాగులు కోసిన లోయల్లోకి దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. ఇక్కడ గంటకు 2 మైళ్ల కంటే ఎక్కువ వేసుకోకూడదు. మోకాళ్లు నొచ్చేది దిగేటప్పుడే, చేతికర్రలు తప్పనిసరి. సెయింట్ ఐవ్స్–జెనర్ మధ్య ఎత్తు తక్కువే, కానీ బండరాళ్లు, బురద కలిసి అడుగును లెక్కపెట్టుకునేలా చేస్తాయి. ఎత్తుల లెక్క మాత్రమే చూసుకుని వచ్చినవాళ్లు చీకటి పడేదాకా నడుస్తూనే ఉంటారు.

చివరి విడతలో మార్కులు తగ్గేది లల్‌వర్త్ దగ్గర. కిమరిడ్జ్ దాకా సుమారు 7 మైళ్లు సైన్యం కాల్పుల మైదానం. ఎక్కువ వారాంతాల్లోనూ, ఆగస్టు లాంటి సెలవుల్లోనూ తెరుస్తారు. మిగతా రోజుల్లో ఎర్రజెండా ఎగురుతుంటే లోపలి రోడ్ల వెంట చాలా దూరం చుట్టి పోవాల్సిందే. తెరిచే తేదీలు ముందే ప్రకటిస్తారు, ఈ వారాన్ని ఆ తేదీలు చూశాకే బుక్ చేసుకోవాలి. స్టడ్‌లాండ్ ఇసుకలో బట్టల్లేకుండా తిరిగేవాళ్లకు కేటాయించిన భాగం ఉంది, బోర్డులూ ఉన్నాయి. ఇబ్బందనుకుంటే ఇసుకదిబ్బల వెనకగా ఇంకో దారి ఉంది. బాట ముగిసే సౌత్ హేవెన్ పాయింట్ పక్కనే గొలుసు పడవ (గొలుసు ఆధారంగా అటూ ఇటూ దాటే పడవ) రేవు. బోర్న్‌మత్ వెళ్లే బస్సు ఆ పడవ మీదికే ఎక్కి నీళ్లు దాటుతుంది.