సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు: నల్లమట్టి నుంచి ఇసుక నేలకి

పేరుపాలెం దగ్గరైనా అంతర్వేది దగ్గరైనా, అలలకీ వరిచేలకీ మధ్య ఇసుక మెరక ఒకటి ఉంటుంది. సరుగుడు తోటలు తప్ప అక్కడ పెద్దగా ఏదీ పండదు. స్కాట్లాండులో అలాంటి నేలని లింక్స్ అంటారు. సాగుకి పనికిరాదని వదిలేసిన ఆ నేలమీదే గోల్ఫ్ పెరిగింది. అక్కడి సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. హోల్ అంటే మొదటి దెబ్బ కొట్టే చోటి నుంచి బంతి పడాల్సిన గుంత దాకా ఒక ఆటదారి. ఒక రౌండుకి, అంటే పూర్తి ఆటకి, 18 హోల్స్ అనే లెక్క కూడా 1764లో ఇక్కడే కుదిరింది. అంతకు ముందు రౌండంటే 22 హోల్స్.

మన నల్లమట్టిలో వానొస్తే అడుగు దిగబడుతుంది, బంతి పడిన చోటే అతుక్కుంటుంది. అక్కడ ఇసుక నీటిని వెంటనే తాగేస్తుంది. పైన సన్నటి ఫెస్క్యూ గడ్డి, కింద గట్టి నేల. బంతి పడ్డాక ఇంకో ముప్ఫై గజాలు దొర్లడం మామూలే. హైదరాబాదులోనో విశాఖలోనో బంతిని ఎత్తుగా లేపి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కోసిన గడ్డి మీద, దించడం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ తికమకపడేది అందుకే. లేపిన బంతిని గాలి తీసుకుపోతుంది, దిగిన బంతిని నేల తీసుకుపోతుంది.

ఈ కోర్సు ఏ ప్రైవేటు క్లబ్బుదీ కాదు. ఊరి జనానిది, ట్రస్టు చూసుకుంటుంది. మొదటి టీ, అంటే ఆట మొదలుపెట్టే చోటు, వెనక కనిపించే బూడిదరంగు రాతి భవనం మాత్రం రాయల్ అండ్ ఏన్షియంట్ అనే ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బుది, అందులోకి బయటివాళ్లని రానివ్వరు. స్నానానికీ లాకర్లకీ భోజనానికీ లింక్స్ క్లబ్‌హౌస్ వేరే ఉంది. శుభ్రంగా ఉంటుంది, ఎవరైనా వెళ్లొచ్చు.

ఆడే అవకాశం చాలామందికి లాటరీలోనే దొరుకుతుంది. దాన్ని బ్యాలట్ అంటారు. ఆడదలచిన రోజుకి రెండు రోజుల ముందు, అక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం 2 గంటలలోపు పేర్లివ్వాలి. కనీసం ఇద్దరు, ఎక్కువలో ఎక్కువ నలుగురు. ఆదివారం కోర్సుకి సెలవు. సోమవారానికి శనివారం పేరివ్వాలి. ఒంటరిగా వెళ్లినవాళ్లకి 2024 నుంచి వేరే డ్రా పెట్టారు. ముందురోజు స్వయంగా వెళ్లి పేరు నమోదు చేయించుకుంటే, నలుగురు నిండని జట్టులో ఖాళీ వచ్చినప్పుడు కలుపుతారు. అంతకు ముందు దీనికోసం జనం రాత్రంతా బయట క్యూలో పడిగాపులు పడేవారు. ఈ మార్పు మంచిది. యాభై దాటినవాళ్లు ఆ చలిలో తెల్లవార్లూ నిలబడి, ఆ ఒంటితోనే 18 హోల్స్ నడవాల్సిన పని తప్పింది.

హ్యాండికాప్, అంటే మన ఆట స్థాయి చెప్పే అంకె, దాని సర్టిఫికెట్ అడుగుతారు, 36 వరకు ఒప్పుకుంటారు. మన క్లబ్బు నుంచి తాజాది తీసి ఫోనులో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుకోండి. 2025 సీజనులో ఫీజు 340 పౌండ్లు ఉండేది, అంటే సుమారు 40 వేల రూపాయలు. బ్యాగు మోస్తూ ఆటలో దారి చెప్పే కేడీ డబ్బు దానికి అదనం, నోట్లుగా కేడీ చేతికే ఇవ్వాలి. మోకాళ్ల నొప్పులు వగైరా వైద్య కారణం చూపిస్తే తప్ప కోర్సులో తిరిగే చిన్న బండి, బగ్గీ, ఇవ్వరు, నడవాల్సిందే.

బ్యాలట్ తగలకపోతే ఎలా అన్న భయంతో చాలామంది గ్యారంటీ టైముతో ప్యాకేజీ కొంటారు. హోటలు, వేరే కోర్సులు అంటగట్టి ఫీజుకి ఎన్నో రెట్లు తీసుకునే ఆ ప్యాకేజీలు మన డబ్బుకి తగినవి కావు. ఆ డబ్బుతో ఊళ్లో నాలుగు రాత్రులు ఉండి రోజూ బ్యాలట్‌లో పేరిస్తే సరిపోతుంది. నెల చూసి వెళ్లడం ముఖ్యం. నవంబరు నుంచి మార్చి దాకా ఫెయిర్‌వే మీద, అంటే టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన గడ్డి దారి మీద, చిన్న ప్లాస్టిక్ గడ్డి చాప పరిచి దాని మీంచే కొట్టాలి, అంత దూరం వెళ్లి అలా ఆడటం దండగ. జూన్, జులైల్లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది కానీ పోటీ విపరీతం. ఏప్రిల్ రెండో సగం, అక్టోబరు మధ్య రోజులు మేలు. అక్టోబరు మొదట్లో డన్‌హిల్ అనే గోల్ఫ్ పోటీ జరిగే రోజులు తప్పించుకోండి. 2027 జులైలో గోల్ఫ్‌లో పెద్ద పోటీ అయిన ఓపెన్ ఛాంపియన్‌షిప్ అక్కడే, ఆ నెల జోలికి అసలు పోవద్దు.

ఊరికి రైలు 1969లోనే ఆగిపోయింది. ఎడింబరో విమానాశ్రయంలో ట్రామ్ ఎక్కి హేమార్కెట్‌లో దిగి, అక్కడ రైలు పట్టుకుంటే గంటలో లూకర్స్ స్టేషను. స్టేషను బయట సెయింట్ ఆండ్రూస్‌కి 99 నంబరు బస్సు. దారిలో రైలు ఫోర్త్ వంతెన మీదుగా వెళ్తుంది. 1890 నాటిది, మన రాజమండ్రి హేవలాక్ వంతెనకి పదేళ్లు పెద్ద. అన్నగారి మీద రైళ్లు ఇంకా తిరుగుతున్నాయి, సీటు కిటికీ పక్కన చూసుకోండి.

బంతిని కొట్టే కర్రల్నీ క్లబ్బులనే అంటారు, వాటిలో పొడవైనది డ్రైవర్. గోల్ఫ్ బ్యాగు విమానంలో తలకిందులుగా పడితే ఆ డ్రైవర్ మెడ విరుగుతుంది. డ్రైవర్ కన్నా రెండంగుళాలు పొడవున్న గట్టి కర్ర ఒకటి బ్యాగులో నిలబెడితే దెబ్బ దాని మీద పడుతుంది. ఐరన్లు, అంటే లోహపు పలక తలలున్న క్లబ్బులు, వాటి తలలకి తువ్వాళ్లు చుట్టండి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ బ్యాటరీ చేతిసంచిలో పెట్టుకోవాలి. తినుబండారాల్లో కందిపొడి, కాయ పచ్చళ్లు పరవాలేదు. నెయ్యి డబ్బా, కోడి పచ్చడి, మాంసం పచ్చడి బ్రిటన్‌లోకి రానివ్వరు.

బస విషయంలో పదిహేడో హోల్ పక్కనున్న పెద్ద హోటలు దృశ్యానికి గొప్పదే, జేబుకి కాదు. ఊళ్లో అల్పాహారంతో గదులిచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి, మొదటి టీ దాకా నడిచిపోవచ్చు. వేసవి సెలవుల్లో విశ్వవిద్యాలయం వాళ్ల హాస్టల్ గదులు అద్దెకిస్తారు. గది చిన్నదైనా ధరకి అదే నయం. దగ్గర్లోని డండీ నగరంలో ఉంటే ఇంకా చౌక, అదే 99 బస్సు అక్కడిదాకా వెళ్తుంది, కానీ పొద్దున్న ఆరున్నరకి ఆట మొదలుపెట్టే టైము తగిలితే ఇబ్బంది పడతారు.

ఇక ఆట. మొదటి హోల్ 376 గజాలు. పద్దెనిమిదో హోల్‌తో కలిసిపోయిన ఫెయిర్‌వే కావడంతో మైదానంలా కనిపిస్తుంది, ఒక్క బంకరూ, అంటే ఇసుక గుంటా, లేదు. రెండో దెబ్బలో అసలు పరీక్ష. గ్రీన్‌కి ఆనుకుని స్విల్కన్ బర్న్ పారుతుంది. వాగంటే పెద్దదేం కాదు, మన చేల మధ్య బోదె అంత, అంచులకి కట్టు. మధ్యలో లోతు తెలిపే చెట్టూ పుట్టా ఏవీ లేక జెండా దగ్గరగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. దెబ్బ చాలక బంతి ముందే దిగి నీళ్లలో పడుతుంది. లెక్కకి వచ్చిన క్లబ్బు కన్నా ఇంకాస్త దూరం కొట్టేది, అంటే ఒక నంబరు తక్కువది, తీయండి.

ఏడు గ్రీన్లని రెండేసి హోల్స్ పంచుకుంటాయి. రెండూ పదహారూ, మూడూ పదిహేనూ, ఇలా ఏ జత కూడినా 18 వస్తుంది. వెళ్లే హోల్స్‌కి తెల్ల జెండా, తిరిగొచ్చేవాటికి ఎర్ర జెండా. జెండా రంగు చూడకుండా కొడితే ముప్ఫై నలభై గజాల పుట్, అంటే గ్రీన్ మీద గుంత వైపు దొర్లించే దెబ్బ, మిగులుతుంది. అలాంటప్పుడు కప్పు అనే ఆ గుంత వైపు కాదు, కప్పు చుట్టూ బండిచక్రం అంత వలయం ఊహించుకుని దానిలోకి చేర్చడం చాలు.

బంకర్లు 112. చాలావాటిని టీ మీంచి చూడలేం, ఎందుకంటే ఒకప్పుడు ఈ కోర్సుని ఎదురు దిశలో ఆడేవారు, అవి అటునుంచి వచ్చేవాళ్లకి ఎదురుపడేలా ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ముందుగోడ అంతా గడ్డిపెళ్లలు ఒకదాని మీద ఒకటి ఇటుకల్లా పేర్చింది, వరసలు లెక్కపెట్టొచ్చు. బంతి ఆ గోడ కింద ఆగితే ముందుకి కొట్టాలన్న పంతం మానుకోండి. పక్కకో వెనక్కో ఒక్క దెబ్బలో బయటపడాలి. పద్నాలుగో హోల్లోని హెల్ బంకర్ మనిషి కన్నా లోతు. అందులోంచి గ్రీన్ వైపు కొట్టబోయినవాళ్లు సాధారణంగా మళ్లీ అందులోనే కొడతారు.

కుడివైపు బంతి వంగే అలవాటున్నవాళ్లకి కష్టం ఎక్కువ. వెళ్లేటప్పుడు కుడిపక్కన గోర్స్ ముళ్లపొదలు, వచ్చేటప్పుడు కుడిపక్కన హద్దు. అనుమానం వస్తే ఎడమకి కొట్టమని కేడీ చెబుతాడు, వినండి. కేడీ లేకుండా ఈ కోర్సు మొదటిసారి ఆడటం డబ్బు మిగిల్చినట్టు కాదు.

పదిహేడో హోల్ రోడ్ హోల్. పాత రైల్వే షెడ్ల ఆకారంలో కట్టిన హోటలు గోడ మీదుగా, కనపడని ఫెయిర్‌వేకి కొట్టాలి. గ్రీన్‌కి ముందు రోడ్ బంకర్, వెనక తారురోడ్డు, రాతిగోడ. రోడ్డు మీద పడితే అక్కడినుంచే ఆడాలి, ఉచితంగా తీసి పెట్టుకోనివ్వరు. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా గ్రీన్ మీంచి పుట్ కొడితే అది జారి ఆ బంకర్లో పడింది, బయటపడి హోల్ ముగించేసరికి 9 దెబ్బలు. మనలాంటివాళ్లకి ఇక్కడ బోగీ, అంటే హోల్‌కి నిర్ణయించిన దెబ్బల కన్నా ఒకటి ఎక్కువ, మంచి స్కోరు. రెండో దెబ్బ గ్రీన్‌కి కుడిముందు భాగంలో ఆపి, మూడోది నేలబారుగా దొర్లించండి.

బ్యాలట్ తగలనివాళ్లు పక్కనే ఉన్న న్యూ కోర్సు ఆడాలి. పేరు కొత్తదే కానీ 1895 నాటిది, ఆ కాలపు పేరున్న గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ గీసింది. నేల అదే, గాలి అదే, ఫీజు బాగా తక్కువ. ఆట వరకే చూసుకుంటే ఓల్డ్ కోర్సుకి ఎంతమాత్రం తీసిపోదు. కొండమీది కాజిల్ కోర్సు 2008లో పొలాల మీద మలిచింది. చూడ్డానికి బాగుంటుంది, లింక్స్ రుచి మాత్రం తక్కువ. ఆదివారం ఓల్డ్ కోర్సు మొత్తం పార్కు అయిపోతుంది. ఆడని ఇంటివాళ్లని ఆ రోజే తీసుకెళ్లండి. స్విల్కన్ వంతెన మీద తీరిగ్గా ఫొటో దిగొచ్చు, పైసా ఖర్చు లేదు.

బయల్దేరే ముందు సాధన మన దగ్గరే చెయ్యొచ్చు. కోత అయ్యాక గట్టిపడిన కళ్లంలో సెవెన్ ఐరన్‌తో బంతిని మోకాలెత్తు దాటకుండా దొర్లించండి. బంతిని కుడికాలికి దగ్గరగా పెట్టి, మణికట్టు విరవకుండా పుట్ కొట్టినట్టే ఊపాలి. పొద్దున్నే జనం లేనప్పుడు పేరుపాలెంలో ఆటు వెనక్కి తగ్గిన తడి ఇసుక మీద గాలికి ఎదురుగా కొట్టి చూడండి. క్లబ్బు బంతి కన్నా ముందు ఇసుకని తాకితే ముఖం నిండా ఇసుకే. పదిలో ఎనిమిది శుభ్రంగా తగిలేదాకా రోజుకి యాభై బంతులు, మూడు వారాలు.